జీడిపూత రెండు విడతలైతే పాత చెట్లు కొట్టేయాలా?

బాబూ, మందస దగ్గర మీ జీడితోటలో ఈ ఏడు కొన్ని చెట్లు డిసెంబరులోనే పూసేశాయనీ, కొన్ని ఫిబ్రవరి దాటాక గానీ పూయలేదనీ, తన కాలంలో ఇలా ఉండేది కాదని తాతగారు అంటున్నారనీ రాశావు. ఇది వాతావరణ మార్పేనా, చెట్లు దీనికి అలవాటు పడిపోతాయా అని అడిగావు. చివర్న ఒక్క ముక్కలో ఇంకోటి కూడా రాశావు: పాత చెట్లన్నీ కొట్టించి తోటంతా ఒకే రకం అంట్లు వేద్దామని నాన్నగారు అంటున్నారు, వేయొచ్చా మాస్టారూ అని. నా లెక్కలో అసలు ప్రశ్న ఆ చివరి ముక్కే. మొదటి రెండూ దానికి దారి.

నేను విజయనగరం జిల్లాలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. అత్తవారిది కంచిలి వైపు కాబట్టి ఉద్దానం తోటల్లో తిరిగిన అలవాటు ఉంది. అంతే గానీ జీడిరైతును కాను. ఎరువు ఎంత, కూలి ఎంత అన్నది మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. చెట్టు లోపల ఏం జరుగుతుందో మాత్రం కొంత చెప్పగలను.

ముందు తాతగారి మాట. ఆయన చెప్పింది సగం నిజం. మీ పాత తోట పిక్క నాటి పెంచిన తోట అయ్యుంటుంది. జీడి మన చెట్టు కాదని నీకు తెలిసే ఉంటుంది, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. ఈ చెట్టు పరపరాగ సంపర్కం మీద, అంటే వేరే చెట్టు నుంచి వచ్చే పుప్పొడి మీద ఆధారపడుతుంది. అందుకే ఒక చెట్టు పిక్కలు పది నాటితే పదీ పది రకాలుగా వస్తాయి, ఒక ఇంట్లో పుట్టిన పిల్లల్లాగే. ఒకటి ముందు పూస్తుంది, ఒకటి వెనక. ఒకదాని పిక్క పెద్దది, ఇంకోదాని పండు తీపి. కాబట్టి పిక్క తోటలో పూత ఎప్పుడూ ఒక్కసారిగా రాలేదు, తాతగారి కాలంలోనూ రాలేదు. అప్పట్లో ముందు పూసినదీ వెనక పూసినదీ రెండూ కాపు నిలుపుకొనేవి, అందుకని ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు మధ్యలో మబ్బో మంచో వానో పడి ఒక విడత మాడిపోతుంటే, పూత రెండు విడతలని కళ్లకు కడుతోంది.

అయితే మార్పు లేదంటున్నానా? ఉంది. ఎక్కడుందో తెలియాలంటే చెట్టు కాలాన్ని ఎలా లెక్కపెడుతుందో చూడాలి.

చెట్టు ముఖ్యంగా మూడింటిని కనిపెట్టుకుని ఉంటుంది: పగలు ఎంతసేపు ఉంది, రాత్రి ఎంత చల్లగా ఉంది, నేలలో తడి ఎంత ఉంది. శ్రీకాకుళం అక్షాంశంలో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు 13 గంటల పైచిలుకు. ఈ రెండు గంటల తేడా మనకు లెక్కలోకి రాదు గానీ కొన్ని మొక్కలకు అదే పంచాంగం. పూర్వం మన ప్రాంతంలో వేసిన దీర్ఘకాలిక సార్వా వరి రకాల్ని చూడు. ఎద వేసినా, ఉభాలు, అంటే నాట్లు, ఆలస్యమైనా, పగలు తగ్గుతూ ఓ మేరకు వచ్చేసరికి అవి పొట్టకొచ్చేవి. వానలు ఆలస్యమైన ఏడాది దుబ్బు కట్టకుండానే ఈనేసేవి. వాటికి కావలసింది పగటి నిడివి, వాన సంగతి వాటికి పట్టదు.

భూమి ఎంత వేడెక్కినా పగటి నిడివి మారదు. రాత్రి చలి, వాన వచ్చే తీరు మారతాయి. 1901 నుంచి 2018 దాకా మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వేసిన నివేదిక లెక్క. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పూతకు అక్కరకొచ్చేది సగటు కాదు, ఫలానా వారంలో రాత్రి ఎంత దిగిందన్నది. చిక్కు అక్కడుంది. ఒకప్పుడు ఈ మూడు గడియారాలూ ఇంచుమించు కలిసి కొట్టేవి. ఇప్పుడు ఒకటి కదలకుండా ఉంది, ఒకటి నెమ్మదిగా జరుగుతోంది, మూడోది ఇష్టం వచ్చినట్టు కొడుతోంది. ఏ చెట్టు ఏ గడియారం చూస్తుందో దాన్ని బట్టి ఒకటి ముందుకు పోతుంది, ఒకటి వెనకబడుతుంది, ఒకటి ఉన్నచోటే ఉంటుంది.

మామిడి సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. మామిడి కొమ్మ ముదిరి, దాని మీద ఆకు నాలుగైదు నెలల వయసుదై, ఆపై రాత్రులు చల్లబడితే కొనలో పూమొగ్గ పుడుతుంది. అదే కొన రాత్రులు వెచ్చగా ఉండి నేల తడిగా ఉంటే పూతకు బదులు ఇగురు వేస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను పట్టి వాన బాగా కొట్టిన ఏడాది బొబ్బిలి, గజపతినగరం వైపు తోటలు ఎర్రటి లేచిగురుతో ఎంత అందంగా ఉంటాయో. చూసేవాళ్లకు పండగ, రైతుకు ఏడుపు. ఆ ఇగురు ముదిరేలోపు చలి వెళ్లిపోతుంది. పూత కాలంలో చలి మరీ ముదిరినా ముప్పే, గుత్తిలో మగపూలు పెరిగి పిందె కట్టే పూలు తగ్గుతాయి. అంటే మామిడికి చలి కావాలి, సమయానికి కావాలి, ఓ మోతాదులో కావాలి. ఇన్ని షరతులున్న చెట్టు మారే వాతావరణంలో ఇబ్బంది పడకుండా ఎలా ఉంటుంది?

ఒక హెచ్చరిక. నవంబరులో పూసిన మామిడి కనిపించగానే వాతావరణ మార్పు అనేయకు. కొన్ని తోటల్లో కల్టార్ పోస్తారు. అది చెట్టులో జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోను తయారీని అడ్డుకుని, ఎదుగుదల ఆపి, పూతకు తొందరపెట్టే మందు. ఆ పూత రైతు పెట్టిన ముహూర్తానికి వచ్చింది, రుతువుకు సంబంధం లేదు.

జీడికి చలికంటే పొడి వాతావరణం ముఖ్యం. వానలు తగ్గాక కొత్త ఇగురు వస్తుంది, ఆ ఇగురు కొనలోనే పూగుత్తి. గుత్తిలో మగపూలు ఎక్కువ, పిక్క కట్టగల ద్విలింగ పూలు తక్కువ. పూత రెండు మూడు నెలలు సాగుతుంది, పిందె కట్టాక రెండు నెలలకు పిక్క ముదురుతుంది. వానలు అక్టోబరుతో ఆగిపోతే ఇగురు ముందు, పూత ముందు. నవంబరు, డిసెంబరుల్లో అల్పపీడనాలు వచ్చిపోతుంటే ఇగురు రెండు మూడు దఫాలుగా వస్తుంది, పూతా అలాగే. మీ తోటలో జరిగింది ఇదే అయ్యుండొచ్చు. నవంబరులో మీ ఊళ్లో ఎన్ని రోజులు వాన పడిందో ఎవరైనా రాసిపెట్టి ఉంటే వెంటనే తేలిపోతుంది.

పూత నల్లబడి మాడిపోతే అందరూ "మంచు పట్టింది" అనేస్తారు. నేను చూసిన తోటల్లో చాలాసార్లు అది మంచు పని కాదు, టీ దోమ అనే రసం పీల్చే పురుగు పని. లేత కొమ్మ, పూగుత్తి రసం పీల్చేస్తే నిప్పు తగిలినట్టే మాడుతుంది. మబ్బు పట్టి ఉక్కగా ఉన్న రోజుల్లో, లేత ఇగురు ఎక్కువున్న తోటలో అది పెచ్చుమీరుతుంది. ఇగురు దఫదఫాలుగా వచ్చిందంటే దోమకు మూడు నెలలు విందు. చూశావా, వాన తీరు మారడం, ఇగురు మారడం, పురుగు పెరగడం ఒకదాని వెనక ఒకటి ఎలా తగులుకుంటాయో. రైతుకు మాత్రం చివరిదొక్కటే కనిపిస్తుంది.

ఉద్దానం వాళ్లకు తిత్లీ తుఫాను గురించి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. పడిపోయిన చెట్ల సంగతి సరే, నిలబడిన చెట్లకు ఆకు లేకుండా పోయింది. ఆకు పోయిన చెట్టు దాచుకున్న తిండి ముందు ఆకు వేయడానికే ఖర్చుపెడుతుంది, పూత తర్వాతి మాట. కొబ్బరిది ఇంకో కథ. కొబ్బరి మొవ్వులో గెల మొలక పడిన రోజు నుంచి కాయ ముదిరేదాకా సుమారు 44 నెలలు పడుతుంది. ఈ ఏటి ఎండ దెబ్బ, గాలి దెబ్బ రెండు మూడేళ్ల తర్వాత కాయల లెక్కలో బయటపడుతుంది. "ఈ ఏడు వానలు బాగానే ఉన్నాయి కదా, కాయ ఎందుకు తగ్గింది" అని కవిటిలో ఒకాయన అడిగితే వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టి చూపించాను.

ఇక కార్తెలు. "మృగశిరకు వాన పడట్లేదు, కార్తెలే తప్పిపోయాయి" అని మీ పెద్దలు అంటుంటారు కదా. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య తేడా నిజంగానే పెరుగుతూ ఉంటుంది, కానీ సుమారు 72 ఏళ్లకు ఒక్క రోజు. తాతగారు పుట్టినప్పటి నుంచి ఇవాళ్టికి కార్తె మహా అయితే ఒక్క రోజు జరిగింది. మృగశిర ఇప్పటికీ జూన్ 8 ప్రాంతంలోనే వస్తుంది. తప్పింది వాన. కార్తె మంచి కొలబద్ద, పాపం దాన్ని తిట్టకూడదు.

ఉగాది మాత్రం మంచి కొలబద్ద కాదు. "ఉగాదికి వేపపువ్వు దొరకలేదు, కాలం మారిపోయింది" అన్న మాట ఏ రెండు మూడేళ్లకో వినిపిస్తుంది. 2021లో ఉగాది ఏప్రిల్ 13న వచ్చింది, 2026లో మార్చి 19న. చంద్రుడి లెక్క కాబట్టి పాతిక రోజులు అటూ ఇటూ ఊగుతుంది. వేపచెట్టుకు అధికమాసం సంగతి తెలీదు. సంక్రాంతి సూర్యుడి లెక్క, జనవరి 14 లేదా 15 దాటదు. రథసప్తమికి అరసవల్లి వెళ్తూ దారిలో పూతలు చూసి పోల్చుకునే అలవాటు నాకుండేది. అదీ చంద్రుడి లెక్కేనని తట్టడానికి నాకు ఎన్నో ఏళ్లు పట్టింది, క్లాసులో మాత్రం దర్జాగా పాఠం చెప్పేవాణ్ణి.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను, అదీ చెబుతాను, నీకు పనికొస్తుంది. కాలేజీకి నడిచి వెళ్లే దారిలో మామిళ్లకు, రేల చెట్లకు మొదటి పువ్వు ఎప్పుడు వచ్చిందో ఏటా నోటు పుస్తకంలో రాసేవాణ్ణి. రిటైరయ్యాక చూస్తే మొదటి పువ్వు తారీఖు బాగా ముందుకొచ్చినట్టు కనిపించింది. వాతావరణ మార్పుకు రుజువు దొరికిందని సంబరపడ్డాను. తర్వాత తెలిసొచ్చింది, ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకే వీధి తిరిగేవాణ్ణి, రిటైరయ్యాక మోకాళ్ల నొప్పికి డాక్టరు నడవమంటే నాలుగు వీధులు తిరుగుతున్నాను. ఎక్కువ చెట్లు చూస్తే వాటిలో తొందరపడి పూసే చెట్టు ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. ముందుకు జరిగింది నా నడక. అందుకే "మొదటి పువ్వు" కంటే, గుర్తుపెట్టుకున్న అవే చెట్లలో సగం కొమ్మలు పూసిన రోజు రాయడం మేలు.

ఇలాంటి లెక్క ఓపిగ్గా రాసిన ఊళ్లున్నాయి. జపాన్‌లోని క్యోటోలో చెర్రీపూల వేడుకల తారీఖులు తొమ్మిదో శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. అవన్నీ కూర్చి చూస్తే 2021లో మార్చి 26న వచ్చిన నిండుపూత అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్లలోనే అన్నిటికంటే ముందుది. మన దేశంలో సీజన్‌వాచ్ అని ఒక కార్యక్రమం నడుస్తోంది. బడిపిల్లలు, మామూలు జనం ఒక్కో చెట్టును ఎంచుకుని వారం వారం ఆకు, పూత, కాయ రాస్తారు. కేరళలో విషు పండక్కి కావలసిన రేలపూలు పండక్కి ముందే పూసి రాలిపోతున్నాయన్న మాట అక్కడ ఏటా నలుగుతుంటుంది. పండగ ఏప్రిల్ నడుమ, పూత అంతకు చాలా ముందు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, చెట్లు అలవాటు పడతాయా అన్నది. ఇందులో రెండు సంగతులున్నాయి. చలేస్తే దుప్పటి కప్పుకోవడం ఒకటి, తరతరాలు గడిచి ఒంటి మీద బొచ్చు మొలవడం ఒకటి. ఒకే చెట్టు వెచ్చటి ఏడాది ముందు పూసి, చలి ఏడాది వెనక పూస్తే అది దుప్పటి కప్పుకోవడం. చెట్టు మారలేదు, నడత మార్చుకుంది. దీనికి హద్దు ఉంది. మామిడికి రాత్రి చలి ఓ మేరకు తగ్గితే సర్దుకుంటుంది, బొత్తిగా లేకపోతే సర్దుకోవడానికి దుప్పటి ఉండదు.

రెండోది పరిణామం. దానికి మూడు కావాలి. మొక్కల్లో తేడాలుండాలి, ఆ తేడాలు పిల్లలకు రావాలి, కొన్ని మొక్కలు గింజ ఇవ్వకుండా పోవాలి. మూడూ ఉంటే పరిణామం కళ్లముందే జరుగుతుంది. కాలిఫోర్నియా దక్షిణాన మన ఆవాలకు దగ్గర చుట్టమైన అడవి ఆవమొక్క ఒకటి ఉంది. దాని గింజలు 1997లో సేకరించి దాచారు. 2000 నుంచి వరసగా కరువు పట్టింది. 2004లో అక్కడే మళ్లీ గింజలు తీశారు. పాత గింజలు, కొత్త గింజలు ఒకేచోట, ఒకే నీటితో పెంచితే కరువు తర్వాతి మొక్కలు ముందుగా పూశాయి, ఒక చోటి మొక్కలు సుమారు 2 రోజులు, ఇంకో చోటివి 8.6 రోజులు. కరువు ఏళ్లలో ఆలస్యంగా పూసినవి గింజ కట్టకుండా ఎండిపోయాయి, త్వరగా పూసినవే పిల్లల్ని కన్నాయి. 2007లో ఈ ఫలితం అచ్చయింది. ఏడేళ్లు, అంటే ఆవకు ఏడు తరాలు.

జీడికి ఏడు తరాలంటే? పిక్క నాటిన చెట్టు కాపుకు రావడానికే మూడు నుంచి అయిదేళ్లు, తోట మార్చేది ముప్పై నలభై ఏళ్లకు. ఇప్పకు, గుగ్గిలానికి ఇంకా ఎక్కువ. వాతావరణం ఆవమొక్క వేగంతో మారుతుంటే గుగ్గిలం చెట్టు తన వేగంతో నడుస్తోంది. ఈ పందెంలో గెలిచేవి ఏవో మన గట్ల మీదే చూడొచ్చు. వయ్యారిభామ పగటి నిడివితో పని లేకుండా ఏ నెలలోనైనా పూస్తుంది, మొలిచిన కొన్ని వారాలకే పూతకొస్తుంది, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. తరం చిన్నది, సంతానం ఎక్కువ, షరతులు లేవు.

ఇక అంటుచెట్టు సంగతి. విజయనగరంలో వేల సువర్ణరేఖ చెట్లున్నాయి కదా, అవన్నీ నిజానికి ఒకటే చెట్టు. ఒక తల్లి కొమ్మలు వేరే వేళ్ల మీద పెరుగుతున్నాయి, అంతే. వాటి మధ్య తేడాలు లేవు కాబట్టి పరిణామానికి పట్టు దొరకదు. అంటు తోటలో వాతావరణం ఎన్ని చెట్లను చంపినా మిగిలినవి చచ్చినవాటికంటే మెరుగైనవి కావు. పిక్క తోటలో, టెంక మామిడి తోపులో అలా కాదు, ఒక్కో చెట్టూ ఒక్కో పందెం కాసి కూర్చుంటుంది. రోడ్డు పక్క పీచు మామిళ్లు పులుపని, పిట్టలు తినేస్తాయని ఎవరూ లెక్కచేయరు. వెచ్చటి శీతాకాలంలోనూ పూయగల మామిడి ఎక్కడైనా ఉందంటే, వాటిలోనే ఉంటుందని నా నమ్మకం. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు పోయేవి కూడా అవే.

చెట్టు ఒక్కటే మారినా సరిపోదు, దాని బంధువులు కూడా కలిసి రావాలి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని మనవాళ్లు వెక్కిరింతగా వాడతారు. ఆ పురుగే దాని పూజారి. మేడి పూలు పండు లోపలే ఉంటాయి, చిన్న కందిరీగ లోపలికి దూరితే గానీ పరాగం చేరదు. ఒక్కో రకం మేడికి సాధారణంగా ఒక్కో రకం కందిరీగ. పెద్దదయ్యాక దాని ఆయుష్షు ఒకటి రెండు రోజులు. సింగపూర్‌లో చేసిన పరీక్షల్లో వేడి 3 డిగ్రీలు, ఆపైన పెరిగితే ఆ కాస్త ఆయుష్షూ తరిగిపోయింది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఎగిరి చేరాల్సిన పురుగు దారిలోనే చస్తే మేడి ఎంత సమయానికి పూసినా లాభమేంటి? అడవిలో ఎండాకాలం పండు ఇచ్చేవాటిలో ముఖ్యమైనవి మేడి, రావి, మర్రి. పిట్టలకూ కోతులకూ అప్పుడు అవే పెద్ద దిక్కు.

సీతంపేట కొండల్లో, ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా, సవరలు, జాతాపులు ఇప్పపువ్వు ఏరే రోజుల్లో వెళ్లి చూడు. ఆకు రాలిన చెట్టు రాత్రిపూట పూసి, గబ్బిలాలు వచ్చి పోయాక, తెల్లారేసరికి మెత్తటి పూలు రాల్చేస్తుంది. అదంతా వాన లేని రోజుల్లో జరగాల్సిన పని. ఆ పదిహేను ఇరవై రోజుల్లో రెండు అకాల వర్షాలు పడితే నేల మీది పువ్వు కుళ్లిపోతుంది, ఎండబెట్టుకోవడానికి ఏమీ మిగలదు.

అదే కొండల్లో గుగ్గిలం చెట్టు ఉంది, ఉత్తరాదిలో సాల్ అనేది ఇదే. హిమాలయ పాదాల నుంచి దిగి వచ్చిన సాల్ అడవికి దక్షిణపు అంచు మన ఉత్తరాంధ్ర కొండలు. దీని గింజకు ఓపిక లేదు. తొలకరి సమయానికి రాలుతుంది, రాలిన వారం పది రోజుల్లో తడి నేల తగిలిందా మొలుస్తుంది, లేదా చస్తుంది. మిగతా గింజల్లా దాచుకుని మరుసటేడు మొలిచే బాపతు కాదు. పూత వేడికి ముందుకు జరిగి, వాన వెనక్కి జరిగితే ఆ ఏటి మొలకలన్నీ పోయినట్టే. పెద్ద చెట్లు పచ్చగానే ఉంటాయి కాబట్టి పైనుంచి చూస్తే అడవి బాగానే ఉన్నట్టుంటుంది. కింద మోకాలెత్తు మొక్కలున్నాయా లేదా అన్నది చూడాలి. అడవి వైవిధ్యం పోవడం నరికివేతలా చప్పుడు చేయదు, పిల్లల్లేని ఇల్లులా ఉంటుంది.

సమయం తప్పితే జాతులు నిజంగా పోతాయా అంటావేమో. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ ఊళ్లో హెన్రీ డేవిడ్ థోరో అనే రచయిత 1850ల్లో ఏ మొక్క ఏ రోజు పూసిందో రాసిపెట్టాడు. నూటయాభై ఏళ్ల తర్వాత అదే ఊరి మొక్కల్ని పోల్చి చూశారు. సగటున పూత వారం ముందుకొచ్చింది. ఆయన రాసిన జాతుల్లో 27 శాతం ఆ ఊళ్లో కనిపించకుండా పోయాయి. 2008లో వచ్చిన ఆ పరిశోధనలో నాకు ముఖ్యంగా తోచింది ఇది: వేడిని బట్టి పూతకాలం మార్చుకోగలిగిన మొక్కలు నిలదొక్కుకున్నాయి, మార్చుకోలేనివే ఎక్కువగా తగ్గాయి. అవి కూడా చెల్లాచెదురుగా కాదు, కొన్ని కుటుంబాలకు కుటుంబాలే. అది మంచు కురిసే ఊరు, మన ఊళ్లో ఇలాగే జరుగుతుందని నేననను. మన దగ్గర వేడికంటే వాన తీరుదే పెత్తనం.

మన వైపు ఊరట ఏమిటంటే పక్కనే ఖజానా ఉంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే కోరాపుట్. అక్కడి జయపురం ప్రాంతం వరి వైవిధ్యానికి పేరుమోసింది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. వరిపువ్వు పొద్దున్న తొమ్మిది పదకొండు మధ్య విచ్చుకుంటుంది. ఆ వేళకు ఎండ 35 డిగ్రీలు దాటితే తాలు పెరుగుతుంది. ఇంకా పెందలాడే విచ్చుకునే గుణం, ఎండ తట్టుకునే గుణం వెతకాలంటే పాత రకాల్లోనే వెతకాలి. రాగోలు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలనే వరి రకమైనా, విజయనగరం స్థానం నుంచి వచ్చిన చంపావతి అనే చోడి (రాగి) రకమైనా ఇలాంటి తేడాల్ని ఏరి తెచ్చినవే. ఏరడానికి ముందు రాశి ఉండాలి కదా.

సరే, మీ తోట. నాన్నగారి ఆలోచన తప్పని నేను అనట్లేదు. బీపీపీ 8 లాంటి బాపట్ల పరిశోధనా స్థానం అంట్లు మూడో ఏటికే కాపుకొస్తాయి, పిక్క పెద్దది, దిగుబడి ఎక్కువ. ముసలి చెట్ల కింద నాలుగు పిక్కలు ఏరుకోవడానికి కూలి గిట్టదు. ఇల్లు గడవాలి. నా అభ్యంతరం "అన్నీ", "ఒకే రకం" అన్న రెండు మాటల మీదే. తోటంతా ఒకే వారంలో పూస్తే, ఆ వారంలో మబ్బు పట్టిందా, ఆ ఏడు బస్తాలు మూట కట్టక్కర్లేదు. తోటలో మూడొంతులు అంట్లు వేసుకోండి, అదీ ముందు పూసే రకం ఒకటి, వెనక పూసే రకం ఒకటి కలిపి. ఒక వంతు మీ పాత చెట్లే ఉంచండి. ఏవి ఉంచాలో కళ్లతో కాదు, తూకంతో తేల్చాలి.

ఫిబ్రవరి దాటాక పూసిన చెట్లకు ఇప్పుడే రంగు పూసెయ్. వచ్చే పూతకు సంక్రాంతి నాటికి సగం పూసినవాటికి ఒక రంగు, ఫిబ్రవరి ఒకటి నాటికి పూసినవాటికి ఇంకో రంగు వేద్దువుగాని. ఏప్రిల్, మే నెలల్లో రంగు వేసిన ప్రతి చెట్టుకూ విడిగా సంచి పెట్టి, దాని కింద పిక్కలు దాంట్లోనే వేయించి తూచు. కూలివాళ్లు విసుక్కుంటారు, పదిహేను ఇరవై చెట్లకంటే ఎక్కువ పెట్టుకోకు. ఒక్క ఏడు చాలదు, రెండేళ్ల తూకం కావాలి. రెండేళ్లూ బాగా కాసిన వెనకపూత చెట్టు ఒక్కటి దొరికినా చాలు, దాని కొమ్మ పుల్లలు నర్సరీకి ఇస్తే మీ చెట్టుకే అంట్లు కట్టి ఇస్తారు. పిక్క నాటాలనుకుంటే నీళ్ల బకెట్లో వేసి మునిగినవే తీసుకో, తేలినవి వద్దు. ఆ రెండేళ్లలో నాన్నగారు కాయని చెట్లు, బోదె తొలిచేసిన చెట్లు కొట్టించుకుని ఆ ఖాళీల్లో అంట్లు మొదలుపెట్టొచ్చు. రంగు వేసిన చెట్ల జోలికి మాత్రం రంపం మిషన్ వాణ్ణి రానివ్వొద్దని చెప్పు. తూకాలు రాశాక నాకు పంపు, నవంబరు వాన రోజులు కూడా రాసి.